నాలుగుసార్లు స్వామిభక్త దళం

మనిషికి పేరు తల్లిదండ్రులు పెడతారు, సైనిక దళానికి పేరు చక్రవర్తి పెడతాడు. ఈ రెంటికీ తేడా ఒక్కటే: తల్లిదండ్రులు పోయినా మనిషి పేరు మనిషికి మిగులుతుంది. రోము సామ్రాజ్యం ఈ సూత్రం మీదే నిలబడి ఉంది (నిలబడి ఉందని ఏటా జనవరిలో సైనికులందరి చేతా ప్రమాణం చేయిస్తారు). ఇంత ముఖ్యమైన సూత్రాన్ని మరిచిపోతే వంటింట్లో కూడా పొరపాట్లు జరుగుతాయి.

అద్నామ చేసింది అటువంటి పొరపాటే. డాన్యూబ్ ఒడ్డున, కోట బయటి వాడలో, తన ఇంట్లో, ఆమె పొయ్యి మీంచి పప్పుకుండ దించి బల్ల మీద ఒక తోలుముక్క మీద పెట్టింది.

"అదేంటే?" అన్నాడు అప్పుడే కాపలా దిగి వచ్చిన ప్లాటోర్.

"పప్పు."

"పప్పు కింద?"

"తోలు. బల్ల కాలకుండా."

"ఆ తోలు మీద ఏం రాసుందో చూశావా?"

"చూడకపోవడమేంటి? కుట్టిందీ నేనే, విప్పిందీ నేనే. 'స్వామిభక్త' అని ఉంది."

"చక్రవర్తి ఇచ్చిన బిరుదు మీద పప్పుకుండ పెడతావా!"

"ఏ చక్రవర్తి?" అంది అద్నామ.

ప్లాటోర్ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, ఓడిపోయిన మగవాడు పట్టుకునే కొస పట్టుకున్నాడు. "ఏ చక్రవర్తయితే నీకెందుకు? విప్పిన అక్షరాలు కచేరీలో అప్పగించి కాల్పించాలని ఉత్తర్వు."

"అప్పగించాను. రసీదు మీద దళం పేరు రాయాలన్నాడు గుమాస్తా. ఏ పేరు రాయాలో తేలక మూట తిరిగి నా చేతిలో పెట్టాడు. ఇంత మంచి మేకతోలు, పారేస్తానా?"

"నాన్నా, కూర్చో," అంది వాళ్ల కూతురు వెర్జాయ, రొట్టె విరుస్తూ. పదహారేళ్ల పిల్ల, తండ్రి ముక్కు, తల్లి నోరు. "స్వామిభక్తి చల్లారిపోతోంది."

ప్లాటోర్ కూర్చున్నాడు గానీ, ఆ పూట కుండ తన వైపు జరిపితే ముట్టుకోలేదు. గరిటెతో దూరం నుంచే అందుకున్నాడు.

కోటలో ఉండేది మూడో థ్రాకియన్ దళం. మొదటి, రెండో థ్రాకియన్ దళాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఎక్కడో ఉన్నాయని నమ్మడం క్రమశిక్షణలో భాగం. దళంలో నాలుగు వందల ఎనభై మంది సైనికులు, థ్రాకియన్లు మాత్రం ఎవరూ లేరు. చివరి థ్రాకియను తొమ్మిదేళ్ల కిందట గొంతులో చేపముల్లు ఇరుక్కుని పోయాడు. అప్పటినుంచి థ్రాకియన్ సంప్రదాయాలు కాపాడే బాధ్యత ఒక సిరియావాడికి అప్పజెప్పారు, అతనిది పెద్ద గొంతని. ప్లాటోర్ డాల్మేషియా కొండలవాడు. దళం పతాకం మీద ఒక జంతువు ఉంది. అది ఎద్దు. చిత్రకారుడు జ్వరంలో వేసినందువల్ల చూడగానే అలా అనిపించదు. దాన్ని పంది అన్నవాడికి మూడు రోజులు గోధుమలు ఆపి బార్లీ పెడతారు. అందుచేత దళమంతా ఏకకంఠంతో ఎద్దు అంటుంది. దళాభిమానం అన్నది ఇలాగే పుడుతుంది.

సైనికుడు కొలువులో ఉండగా పెళ్లి చేసుకోకూడదన్నది చట్టం. కాబట్టి వాడలో భార్యలు లేరు. మూడు వందల మంది ఆడవాళ్లూ వాళ్ల చుట్టూ పిల్లలూ ఉన్నారు, అంతే. ఆ పిల్లలు ఫలానా సైనికుల ముక్కులతో పుట్టడాన్ని చట్టం గాలీ నీరూ చేసే పనిగా పరిగణిస్తుంది. అయితే చట్టానికీ జాలి ఉంది. ఇరవై ఐదేళ్లు కొలువు చేసినవాడికి రోము నుంచి ఒక కంచురేకు వస్తుంది. దాని మీద దళం పేరు, సైనికుడి పేరు, అతని ఆడమనిషి పేరు, పిల్లల పేర్లు చెక్కి ఉంటాయి. ఆ క్షణం నుంచి అతను రోము పౌరుడు, ఆమె భార్య, పిల్లలు అతని పిల్లలు.

రేకు రాకముందే మనిషి పోతే ఎలా ఉంటుందో అద్నామకు తెలుసు. పక్కింటి బ్రోగిమార మొగుడు రేకుకు రెండు నెలల ముందు పడవ మీంచి నదిలో పడి పోయాడు. కచేరీ గుమాస్తా వచ్చి ఎంతో మర్యాదగా, "మృతుడికి బంధువులెవరూ లేరు. మీరెవరో గానీ, ఇల్లు ఖాళీ చేయాలి," అన్నాడు. దుప్పటి కూడా మృతుడిదే అని తేలడంతో బ్రోగిమార దాన్ని మడతపెట్టి గుమ్మంలో ఉంచి, ఐదుగురు పిల్లలతో వెళ్లిపోయింది. ఆ రోజు మొదలు, ప్లాటోర్ నది వైపు వెళ్లినప్పుడల్లా అద్నామ "చూసుకుని నడు" అనేది. అది ప్రేమ అనుకున్నాడు ప్లాటోర్. (ప్రేమే. రేకు కూడా.)

అతని కొలువు ఇరవై నాలుగేళ్ల తొమ్మిది నెలలు నిండింది.

డాలుకు వానా ఎండా తగలకుండా తోలు తొడుగు వేస్తారు. ఆ తొడుగు మీద దళం పేరు తోలు అక్షరాలున్న పట్టీలుగా కుట్టి ఉంటుంది. దళం మొత్తానికి ఆ అక్షరాలు కత్తిరించి కుట్టేది అద్నామే. ఆమె తండ్రి సమాధి రాళ్లు చెక్కేవాడు. చదువు నేర్పింది ఆయనే. "ముందు చోటు చూసుకో, తర్వాత దుఃఖించు" అనేవాడు. లేకపోతే చచ్చినవాడి పేరు సగం రాయి మీదా సగం గాలిలోనూ ఉంటుంది. అక్షరం అక్షరానికీ మధ్య ఎడం తేడా వస్తే అద్నామకు నిద్ర పట్టదు. కపితో అనే శతాధిపతి ఒకసారి, "ఎవరు చూస్తారమ్మా అంత వంకర?" అన్నందుకు ఆయన తొడుగు విప్పి మళ్లీ కుట్టింది.

అంతకుముందు శీతాకాలంలో ఎక్కడో దక్షిణాన సైన్యాలు తిరగబడ్డాయి. నది గడ్డకట్టి వర్తమానం అందనందువల్ల ఈ దళం తిరగబడలేదు. చక్రవర్తి సంతోషించి దళానికి 'స్వామిభక్త' అనే బిరుదిచ్చాడు. లాటిన్లో ఏడు అక్షరాలు. నాలుగు వందల ఎనభై తొడుగులు. అద్నామా, వెర్జాయా, మరో ఎనిమిది మంది ఆడవాళ్లూ నెలన్నర కుట్టారు. ఆఖరి అక్షరం కుడుతుండగా, బిరుదిచ్చిన చక్రవర్తి తన అంగరక్షకుల చేతిలో హతుడైనట్టు వార్త వచ్చింది (వాళ్ల బిరుదు కూడా అదే). కొత్త చక్రవర్తి, పాత స్వామికి భక్తి చూపినవాళ్లు తనకు ద్రోహులని సహేతుకంగా భావించి, బిరుదు తొలగించమని ఉత్తర్వు పంపాడు. ఆ తొలగించిన దాని మీదే అద్నామ పప్పుకుండ పెట్టింది.

రేకుల జాబితా రోముకు వెళ్లి మూడో నెలలో తిరిగొచ్చింది. అద్నామా ప్లాటోరూ కచేరీకి వెళ్లారు. నామధేయాల గుమాస్తా పుదెన్స్ చెక్కపలకల గుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఏదో ఒకటిచ్చి పని చేయించుకోవచ్చు.

"జాబితా తిప్పి పంపారమ్మా," అన్నాడు పుదెన్స్. "'ఈ పేరు గల దళం సామ్రాజ్యంలో లేదు' అని రాశారు."

"మేమిక్కడే ఉన్నాం కదయ్యా!" అన్నాడు ప్లాటోర్.

"ఉండటం వేరు, పేరుండటం వేరు. నువ్వు స్వామిభక్త దళంలో కొలువు చేశావని పంపాం. స్వామిభక్త దళం ఇప్పుడు లేదు. లేని దళంలో నువ్వు చేసిన కొలువు..." పుదెన్స్ పలక తిరగేసి చూశాడు. "చాలా బాగా చేశావు. ఒక్క మచ్చ లేదు. కానీ చెయ్యలేదు."

"ఇరవై నాలుగేళ్ల పదకొండు నెలలు!"

"అందులో స్వామిభక్తితో చేసింది నాలుగు నెలలే. కానీ పాలకుండలో ఉప్పు పడితే పైన నాలుగు గరిటెలే విరుగుతాయా?"

"అయితే ఆ మాట తీసేసి పాత పేరుతో పంపండి," అంది అద్నామ.

"పాత పేరు కొత్త పేరు వచ్చినప్పుడు రద్దయింది. కొత్త పేరు చక్రవర్తి పోయినప్పుడు రద్దయింది. ప్రస్తుతం మనది పేరు కోసం ఎదురుచూస్తున్న దళం."

"అలాగే రాయండి."

"రాయొచ్చు. ఆ పేరు గల దళం లేదంటారు."

ప్లాటోర్ ఏదో అనబోతే అద్నామ అతని మోచేయి పట్టుకుంది. అరిస్తే దస్త్రంలో రాస్తారు, రాసినది మాత్రం ఎంతమంది చక్రవర్తులు మారినా రద్దు కాదు.

ఆ వానాకాలం కోటలో స్వామిభక్తి ఎంత వ్యాపించి ఉందో తెలిసొచ్చింది. దళానికి సొంత ఇటుకబట్టీ ఉంది. అందులో కాల్చిన ప్రతి పెంకు మీదా దళం పేరు ముద్ర వేస్తారు. రద్దయిన పేరున్న పెంకులను పగలగొట్టాలా వద్దా అని దళపతి పై అధికారులను అడిగితే, ఖర్చు దృష్ట్యా పేరు కనపడకుండా తిరగేసి పరచమని సమాధానం వచ్చింది. తిరగేసిన పెంకు దోనెలా నీళ్లు పట్టి లోపలికి వదులుతుంది. దాంతో ఏ గదిలో ఎంతమేర కారుతోందో చూసి, పోయిన చక్రవర్తి కాలంలో ఎంత మరమ్మతు జరిగిందో చెప్పగలిగేవారు. ప్లాటోర్ మంచం సరిగ్గా స్వామిభక్తి కింద ఉండేది. అతనికి జలుబు చేసింది. అద్నామ ప్రతి పూటా అతని నుదురు పట్టి చూసేది, కూతురు కషాయం పెట్టేది.

"ఇప్పుడు పోకు నాన్నా," అనేది వెర్జాయ. "పేరు రానీ."

పేరు వచ్చింది. కొత్త చక్రవర్తిని ఇంకా కొత్త చక్రవర్తి ఓడించాడు. మొదటి చక్రవర్తికి తాను బంధువునని ఈయన కనిపెట్టుకున్నాడు. అందువల్ల పాత బిరుదు తిరిగి చెల్లుతుందనీ, తన తరఫున ఇంకొకటి చేరుస్తున్నాననీ ప్రకటించాడు. దళం పేరు 'రెండుసార్లు స్వామిభక్త మూడో థ్రాకియన్ దళం' అయింది. ఆడవాళ్లు మళ్లీ సూదులు తీశారు. పెంకులు మళ్లీ తిరగేశారు. జాబితా మళ్లీ రోముకు వెళ్లి, రెండు అభ్యంతరాలతో మళ్లీ తిరిగొచ్చింది.

ఒకటి: జాబితాలో 'రెం. స్వా. భ.' అని కుదించి రాశారు. కుదించిన స్వామిభక్తి తక్కువ స్వామిభక్తిగా పరిగణించబడును.

రెండు: 'రెండుసార్లు' అన్నప్పుడు మధ్యలో ఒక విరామం ఉన్నట్టు అర్థమవుతున్నది. మొదటి భక్తికీ రెండో భక్తికీ నడుమ దళం ఏమి చేయుచున్నదో ప్రతి సైనికుడూ తన సొంత మాటల్లో తెలపవలెను.

కోటలో అటువంటి పరీక్ష అంతకుముందెన్నడూ జరగలేదు. సొంత మాటలు వాడటం దళంలో నిషేధం కాబట్టి చాలామందికి అవి లేవు. ప్లాటోర్ "కాపలా కాస్తున్నాను" అని రాయించాడు. అది తిప్పికొట్టారు: ఎవరికి కాపలా అన్నది లేదు. సిరియావాడు "పాడుతున్నాను" అని రాశాడు. ఏ పాట అని అడిగారు. కపితో "ఏమీ చేయలేదు" అని రాసి, నిజం చెప్పినందుకు మెప్పు పొందాడు గానీ, జీతం తీసుకుని ఏమీ చేయలేదా అని వేరే విభాగం నుంచి తాఖీదు వచ్చింది.

చివరికి ప్లాటోర్ పలక ఇంటికి తెచ్చి అద్నామ ముందు పెట్టాడు. ఆమె ఉల్లిపాయలు తరగడం ఆపి, చేయి తుడుచుకుని, ఇలా రాసింది: 'నది ఒడ్డున ఉన్నాం. నది ఎటూ పోలేదు. మేమూ పోలేదు.'

దాంట్లో తప్పు పట్టడానికి పుదెన్స్ రెండు రోజులు ప్రయత్నించాడు. దొరకలేదు. నాలుగు వందల ఎనభై మందీ, సొంత మాటల్లో, అదే రాశారు.

"ఇక వెళ్తుందా జాబితా?" అని అడిగింది అద్నామ.

"వెళ్తుంది. అయితే కొంచెం ఆగుదాం," అన్నాడు పుదెన్స్ గొంతు తగ్గించి. "రోములో ఒంట్లో బాగోలేదంటున్నారు."

"ఎవరికి?"

"అదే తెలియడం లేదు."

అద్నామ ఆగలేదు. మళ్లీ విప్పాలంటే, మళ్లీ కుట్టాలంటే, తోలుకు ఎన్ని చిల్లులు పడతాయని? అక్షరాలను కుట్టడం మానేసి, వెనకాల సన్నటి తోలుతాళ్లు పెట్టి, తొడుగుకు ముడివేసేలా తయారుచేసింది. కావలసినప్పుడు కట్టుకోవచ్చు, అక్కర్లేనప్పుడు విప్పి సంచిలో వేసుకోవచ్చు. అది ఆమె తన సూది పని తగ్గించుకోవడానికి చేసింది. కచేరీ దాన్ని సైనిక సంస్కరణగా గుర్తించింది. వారంలో 'మార్పిడి స్వామిభక్తి నిబంధన' వచ్చింది: ఒక బూర ఊదితే స్వామిభక్తి కట్టవలెను, రెండు బూరలు ఊదితే విప్పవలెను, కట్టుటకు ఇరవై అంకెలు, విప్పుటకు పది. పొద్దున్నే వ్యాయామంలో దీన్నీ చేర్చారు. విప్పడంలో మూడో థ్రాకియన్ దళం నది పొడవునా సాటిలేనిదని పేరు తెచ్చుకుంది.

దాని అసలు పరీక్ష ఆకురాలే కాలంలో వచ్చింది. చక్రవర్తి దూత పడవలో వస్తున్నాడని కబురు. ఏ చక్రవర్తి దూత అన్నది కబురులో లేదు. దూతల ముందు చక్రవర్తి ముఖం చెక్కిన వెండి బొమ్మను కర్ర మీద పట్టుకొస్తారు. దాన్నిబట్టి పోల్చుకోవచ్చని కపితోను బురుజు మీద నిలబెట్టారు. దళమంతా రేవులో బారులు తీరింది. వాన కురుస్తోంది. ఆడవాళ్లు గోడ పక్కన నిలబడి చూస్తున్నారు.

పడవ మలుపు తిరిగింది. వానకు తడవకుండా చక్రవర్తి ముఖాన్ని నూనెగుడ్డలో చుట్టేశారు.

బురుజు మీద కపితో బూర నోటికి పెట్టుకున్నాడు. దించాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"ఒరేయ్, కట్టాలా, విప్పాలా?" అన్నాడు వరసలో ఒకడు.

"గాలి ఎటుందో చూడరా."

"గాలి లేదు, వానే ఉంది."

"అయితే తడువు."

బూర మోగలేదు. దూత దిగేసరికి నాలుగు వందల ఎనభై డాళ్ల మీద పేరుండవలసిన చోట ఉత్త తోలు ఉంది. అద్నామ గోడ పక్కనుంచి రెండడుగులు ముందుకు వచ్చింది. పేరు లేని దళానికి రేకులు లేవు. దూత తుమ్మి, బారు పొడవునా చూసి, "డాళ్ల మీద పేరేదీ?" అన్నాడు.

దళపతి ఇరవై ఆరేళ్ల రోము కుర్రవాడు, మంచి కుటుంబం. మొహం మీది వాన తుడుచుకుని, "తమరు దయచేసేదాకా ఆగాం," అన్నాడు.

దూతకు ఆ మాట ఎంత నచ్చిందంటే, అక్కడే నూనెగుడ్డ విప్పించాడు. లోపల రెండు ముఖాలున్నాయి. "ఒకటి నేను బయల్దేరినప్పటిది. ఇంకొకటి దార్లో అందింది," అన్నాడు దూత. "ఎందుకైనా మంచిదని రెండూ పట్టుకొచ్చాను."

ఎందుకైనా మంచిదని ఇద్దరి తరఫునా బిరుదులిచ్చాడు. ఆ విధంగా దళం ఒక్క పూటలో మూడోసారీ నాలుగోసారీ స్వామిభక్తమైంది. అంతలో ఇద్దరిలో ఒకాయన పోయాడు గానీ, మిగిలినాయన బిరుదులేవీ రద్దు చేయలేదు, చాలాకాలం ఉండే లక్షణాలు కూడా కనిపించాయి. పుదెన్స్ జాబితా మళ్లీ తీశాడు.

ఈసారి అద్నామ పక్కనే నిలబడింది. పుదెన్స్ మైనపు పలక మీద 'నా. స్వా. భ.' అని మొదలుపెట్టగానే చేయి అడ్డం పెట్టింది.

"కుదించకండి. ఒకసారి దెబ్బ తిన్నాం."

"అన్నీ పూర్తిగా రాస్తే నాలుగు వరసలు పడుతుందమ్మా."

"పట్టనివ్వండి. తప్పు పట్టే చోటు వాళ్లకు ఇవ్వకూడదు. ఇటివ్వండి, నేను రాస్తాను." రాసింది. ఎడాలు సమంగా, వరసలు తిన్నగా, ప్రతి స్వామిభక్తీ నిండుగా. దాని కింద 'ప్లాటోర్, డాల్మేషియావాడు. అతని భార్య అద్నామ. అతని కూతురు వెర్జాయ' అని రాసింది. 'భార్య' అన్న మాట దగ్గర ఆమె చేయి ఒక్క క్షణం ఆగింది. ఆ మాట అంతకుముందు సమాధుల మీద తప్ప ఎక్కడా రాయలేదు.

"రేకు ఎంతుంటుంది?" అని అడిగింది, పలక తిరిగిస్తూ.

"అరచేయంత."

"ఎవరి అరచేయి?"

"రోముది," అన్నాడు పుదెన్స్. అంత పెద్ద సామ్రాజ్యం చేయి చిన్నదిగా ఉండదని ఆమె ఊరుకుంది.

రేకు వసంతంలో వచ్చింది. ప్లాటోర్ ఇంటికి తెచ్చి, కడిగిన చేతులతో బల్ల మీద పెట్టాడు. అతనికి చదువు రాదు. "చదవవే," అన్నాడు.

అద్నామ చదివింది. చక్రవర్తి పేరు, ఆయన బిరుదులు, ఆయన తండ్రి బిరుదులు. తర్వాత దళం పేరు, నాలుగు వరసలు, ఒక్క అక్షరం పోలేదు, ఒక్కటి కుదించలేదు. ఎడాలు కూడా ఆమె రాసినట్టే ఉన్నాయి. దాని కింద 'ప్లాటోర్, డాల్మేషియావాడు'. దాని కింద అంచు.

రేకు తిప్పింది. వెనకాల ఏడుగురు సాక్షుల పేర్లున్నాయి, ప్లాటోర్‌ను ఎన్నడూ చూడని ఏడుగురు రోము పెద్దలు. వాళ్లకు చోటు బాగానే సరిపోయింది.

"మీరిద్దరూ ఎక్కడున్నారు?" అన్నాడు ప్లాటోర్, మొహం అంతా నవ్వుతో.

అద్నామ అంచు తర్వాత బల్ల మీద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ."

ఆమె తండ్రి ఉంటే ఏమనేవాడో ఆమెకు తెలుసు. చోటు చూసుకోలేదు. ఇక దుఃఖించడమే మిగిలింది. అందుకు ఆమె ఒక పూట మాత్రం కేటాయించి, మర్నాడు కచేరీకి వెళ్లింది. పుదెన్స్ దగ్గర అందుకు సంబంధించిన పలక అప్పటికే ఉంది: 'దళ గౌరవ నామములు పెరిగినందున, చోటు చాలక, కుటుంబములు వదలివేయబడినవి.'

"దిద్దించడానికి వీలుందా?"

"దిద్దుబాటుకు దళం పేరుతో అర్జీ పెట్టాలి. ఐదోసారి బిరుదు రాబోతోందని వినికిడి. కనుక..." పుదెన్స్ ఆపి, ఆమె మొహం చూసి, జీవితంలో మొదటిసారి అడగని సలహా ఇచ్చాడు. "చూడమ్మా, రేకు ప్రకారం ప్లాటోర్ రోము పౌరుడు, బ్రహ్మచారి. బ్రహ్మచారి పౌరుడు ఒక ఆడదాన్ని పెళ్లాడవచ్చని అందులోనే ఉంది. ఒక్కర్ని. ఆ పైన, ఎవరైనా దిక్కులేని పిల్లను దత్తత తీసుకోవాలనుకుంటే..."

"వెర్జాయ అతని సొంత కూతురు."

"ఆ మాటే అనకు. సొంత కూతురైతే దత్తత కుదరదు. ఆ పిల్లకూ అతనికీ ఏ సంబంధమూ లేదని ఏడుగురు సాక్ష్యం చెప్పాలి."

ఆ రాత్రి భోజనానికి పందికొవ్వు వేసిన పప్పు, రొట్టె, ఉప్పుచేప. అద్నామ కుండ దించి కంచురేకు మీద పెట్టింది. ప్లాటోర్ చూశాడు. రేకు కొంచెం పక్కకు జరిగి ఉంటే, కుండ నాలుగు స్వామిభక్తుల మీదా సమంగా కూర్చునేలా చేత్తో సర్దాడు.

"ఎల్లుండి నీ పెళ్లి," అంది అద్నామ రొట్టె విరుస్తూ.

"ఎవరితో?"

"నాతో. ఇంకెవరైనా దృష్టిలో ఉంటే ఇప్పుడే చెప్పు, ఒక్కరికే అనుమతి."

ప్లాటోర్ ఇరవై ఏళ్లు కలిసి బతికిన మనిషి వైపు కొత్తగా చూసి, "నువ్వొప్పుకుంటే చాలు," అన్నాడు. అతనికి వేరే ఏమీ తోచలేదు గానీ, అంతకన్నా మంచి మాట ఆ కోటలో ఎవరూ అనలేదు.

"ఒప్పుకుంటున్నాను. పెళ్లయిన ఎనిమిదో రోజున, సంతవీధిలో దొరికిన దిక్కులేని పిల్లనొకదాన్ని నువ్వు దత్తత తీసుకుంటావు."

"ఏ పిల్లని?"

అద్నామ గరిటెతో వెర్జాయను చూపించింది.

"దానికీ నాకూ సంబంధం లేదని ఎవడు చెబుతాడు? అంత అబద్ధం!"

"కపితో, సిరియావాడు, ఇంకో ఐదుగురు. ఇది పుట్టినప్పుడు నీతో కూర్చుని తాగినవాళ్లే. నిన్నెన్నడూ ఎరగని ఏడుగురు నువ్వు పౌరుడివని చెప్పగా లేనిది, నిన్నెరిగినవాళ్లు నువ్వు తండ్రివి కాదని చెబితే తప్పేంటి?"

"మరి దీని ముక్కు?"

"ఆ రోజు ముసుగు వేసుకుంటుంది."

వెర్జాయ అంతసేపూ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ ఉంది. "సరే," అంది చివరికి. "పెళ్లికి నన్ను పిలుస్తారా?"

అద్నామ ఆమె గిన్నెలో పప్పు వడ్డించి, అంచు తుడిచి ముందుకు జరిపింది.

"ఎలా పిలుస్తామే? నువ్వింకా పుట్టలేదు. చల్లారకముందే తిను."